జొన్న పోయింది రేషన్ బియ్యం వల్లేనా? పల్లె కంచంలో అసలు తగ్గిందేమిటి?

కంచం_లెక్క
ఎక్కడ చూసినా ఒకటే మాట. "తాతలు జొన్నన్నం తిని రాయిలా ఉన్నారు, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి జనం ఆరోగ్యం పాడైంది" అని. ఇందులో సగం నిజం, సగం గాలి అని నా అనుమానం. మెదక్, పాలమూరు, అనంతపురం పల్లెల్లో అప్పట్లో పూటపూటకీ ఏం తినేవాళ్లు, ఇప్పుడేం తింటున్నారు, మార్పు ఎక్కడ మొదలైంది? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి. అమృతం, విషం లాంటి మాటలు వద్దు.
రెండో సంగతి: మళ్లీ జొన్న, కొర్ర మొదలుపెట్టినవాళ్లు చాలామంది నెల తిరక్కుండా మానేస్తున్నారు. ఎక్కడ బెడిసికొడుతోంది?

చిటపట
జొన్నరొట్టె ఫొటోకి లైకులు కొట్టేది వెయ్యిమంది, తినేది ఫొటో తీసినాయన ఒక్కడే. అక్కడ బెడిసికొడుతోంది.

నల్లరేగడి
రెండు రూపాయల బియ్యం మీదనే అంత మోపకుండ్రి. జొన్న తిండి దెబ్బ తినుడు అంతకు ముందే షురూ అయింది. మన దేశంల మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది 1964ల. పాత వానాకాలం జొన్న మనిషికి రెండింతల ఎత్తు పెరిగేది, పొద్దు తగ్గితేనే పూతకు వచ్చేది. అంటే వానలు ఎనక్కి పోయినంకనే గింజ గట్టిపడేది. సంకర జొన్న పొట్టిది, మూడున్నర నెలలకే కోతకొస్తది. దాని కంకి సరిగ్గా సెప్టెంబరు వానలల్ల తడుస్తది. తడిస్తే బూజు, బూజు పడితే నల్లగింజ. ఆ పిండితోని రొట్టె చేస్తే రంగు రాదు, రుచి రాదు, మార్కెట్ల ధర రాదు. చివరికి కోళ్ల దాణాకు పోయింది. దిగుబడి పెరిగింది కానీ తినే జొన్న తగ్గింది, చూడుండ్రి తమాషా.
యాసంగి జొన్న ఇప్పటికీ మంచిదే, మాల్దండి రకం రొట్టెకు సాటి లేదు. కానీ ఆ నల్లరేగడి భూములల్లకు శనగ వచ్చింది, 2002 తర్వాత బీటీ పత్తి వచ్చింది.

సంగటి_తెడ్డు
పిట్టల సంగతి మర్చిపోయినావన్నా.

నల్లరేగడి
అవును, అదే పెద్దది. ఊరంత జొన్న వేస్తే పిట్టలు తినేది అందరి చేన్లకు పంచుకపోతది, ఎవ్వరికీ తెల్వది. ఒక్కడే వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ ఒక్క చేన్లనే దిగుతయి. గింజ పాలు పోసుకున్న దగ్గర నుంచి కోత దాక దగ్గర దగ్గర నెల రోజులు, పొద్దు పొడవక ముందే మంచె మీద వడిసెల పట్టుకొని మనిషి ఉండాలె. ఆ నెల కూలి లెక్కేస్తే గింజల పైసలు దానికే సరి. అందుకే "ఒక్క ఎకరం తిండికి వేసుకోరాదు" అని చెప్పుడు అల్కగ ఉంటది. ఐదారుగురు రైతులు పక్కపక్క చేన్లల్ల ఒక్కసారే వేస్తే తప్ప కాదు.
మద్దతు ధర చూసుడు కూడా మోసమే. 2025-26కు వడ్లకు క్వింటాలుకు 2,369, జొన్నకు 3,699. జొన్నకే ఎక్కువ గదా అంటరు. వడ్ల కల్లం ముంగట కొనేటోడు ఉంటడు, జొన్న కల్లం ముంగట ఉండడు.

కంచం_లెక్క
@నల్లరేగడి, చేను సంగతి అర్థమైంది. కంచం సంగతి? జొన్న స్థానంలో బియ్యం వచ్చింది సరే, దానివల్ల శరీరానికి ఎంత తేడా?

డైటు_డబ్బా
గింజకు గింజ పోలిస్తే, వంద గ్రాముల్లో:
మరపట్టిన తెల్ల బియ్యం – మాంసకృత్తులు 8 గ్రాముల లోపు, పీచు 3 గ్రాముల లోపు, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు.
జొన్న – మాంసకృత్తులు దాదాపు 10, పీచు 10, ఇనుము 4 మిల్లీగ్రాములు.
సజ్జ – మాంసకృత్తులు 11, ఇనుము 6 పైచిలుకు.
రాగి – మాంసకృత్తులు బియ్యం కన్నా తక్కువే, కానీ కాల్షియం 364 మిల్లీగ్రాములు. బియ్యంలో అది 7 లేదా 8.
మాంసకృత్తుల్లో తేడా జనం అనుకున్నంత లేదు. తేడా అంతా పీచు, ఇనుము, కాల్షియంలో. ఇంకో మాట, జొన్నలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా తక్కువ, ఆ లోటు తీర్చేది పప్పు. కాబట్టి జొన్న ఒక్కటే తిన్నా బియ్యం ఒక్కటే తిన్నా ఒంటికి పట్టేది అంతంతే. గింజ మారిందని గోల పెడుతున్నాం గానీ పక్కనున్న గిన్నె మాయమైన సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

గునుగుపూలు
డైటు_డబ్బా మేడం అన్నదే నేనూ చెప్పబోతున్న. జొన్న చేను అంటే జొన్న ఒక్కటే కాదు. నాలుగు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. నడుమ నడుమ పెసర, అనుములు, బొబ్బర్లు. యాసంగి చేనైతే చుట్టూ గట్టు పొంటి కుసుమ. ముళ్లుంటయి గనుక గొడ్డు లోపలికి రాదు, గింజలు గానుగకు పోతయి. అంటే రొట్టె, పప్పు, నూనె ఒక్క చేన్లకెళ్లే వచ్చినయి. పత్తి వేసినంక మూడూ దుకాణంల కొనాలె. బియ్యం అగ్గువకు దొరికింది, పప్పు దొరకలే. ఇంట్ల ఏది తగ్గిస్తరు? పప్పునే.
కూరలు కూడ అంతే. గునుగు, చెంచలి, తుమ్మి, గంగవాయిలి, పొన్నగంటి, ఇవన్నీ కలుపు తీసేటప్పుడు కొంగుల కట్టుకొని తెచ్చిన కూరలు. ఇప్పుడు మక్క విత్తిన రెండు రోజులల్ల అట్రజిన్ అనే కలుపు మందు కొడుతున్రు, కలుపే మొలవదు. మొలిచిన దాన్ని కూడ మందు కొట్టిన చేన్లకెళ్లి తెంపొద్దు. గట్ల మీద, చెలకల, మందు పడని తావుల ఉన్నదే తెంపుకోవాలె.

గోదారి_గట్టు
ఇదంతా మెట్ట సంగతి కదండీ. మా డెల్టాలో ఎప్పుడూ బియ్యమే. మరి మా కంచంలో మారిందేంటి?

పుస్తకాల_పురుగు
@గోదారి_గట్టు, మీ దగ్గర మారింది గింజ కాదు, మర. సర్కారు జిల్లాలు, అంటే మీ కోస్తా, ఒకప్పుడు బెరిబెరికి పేరుమోసినవి. కాళ్లు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, చివరికి గుండె దెబ్బతినడం. కారణం థయామిన్ అనే బి1 విటమిన్ లోటు. రోట్లో దంచిన బియ్యానికి తవుడు కొంత మిగిలేది. మర వచ్చి తవుడంతా గీకేసింది, దాంతో బి1 కూడా పోయింది. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు అంతగా లేదు, ఎందుకంటే వడ్లు ఉడికించినప్పుడే విటమిను కొంత తవుడు నుంచి గింజ లోపలికి దిగుతుంది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఈ జబ్బు మీద విచారణగా, 1918లో కూనూరులో. హైదరాబాదుకు వచ్చింది 1958లో.
అలాగే "తాతలు జొన్న తిని రాయిలా ఉన్నారు" అనేవాళ్ల కోసం ఒక మాట. పెల్లాగ్రా అనే జబ్బు దక్కను పీఠభూమిలో జొన్న ముఖ్యాహారంగా తినే పేదల్లోనే కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లగా పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి చలించడం. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఈ జబ్బు రాకుండా కాపాడే నియాసిన్ అనే బి3 విటమిన్‌కు అడ్డుపడుతుందని 1960లో డాక్టర్ సి. గోపాలన్ బృందం చెప్పింది. ఆ వివరణ మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి గానీ జబ్బు నిజం. పప్పు, పాలు, మాంసం అందినవాళ్లకు అది రాలేదు. జొన్న, కారం తప్ప మరేమీ లేనివాళ్లకు వచ్చింది.

చిటపట
అంటే తాతల్లో రాయిలా ఉన్నది మోతుబరి తాత ఒక్కడేనన్నమాట.

సంగటి_తెడ్డు
నవ్వులాటగా అన్నా అది నిజమేనప్పా. గంజి తాగి బతికిన ఇండ్లకు బియ్యం వచ్చినాక రెండు పూటలా కడుపు నిండింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. 1983కు ముందు మా సీమలో అన్నం అంటే పండగ కూడు, పెండ్లి కూడు. "వాల్లింట్లో దినామూ బువ్వేనంట" అంటే కలిగినోల్లని అర్థం. అందుకే బియ్యం చేతికి రాంగానే జనం కొర్ర, సంగటి వదిలేసినారు. రుచి ఒక్కటే కాదు, అంతస్తు కూడా. పైగా కట్టెల పొయ్యి మీద గంట సేపు తెడ్డు తిప్పే పని ఆడోల్లకు తప్పింది. ఆ గంట ఎవురిదని అడగకుండా "పాత తిండే మేలు" అనేటోల్లను సంగటి కెలకమని కూర్చోబెట్టల్ల.

కొత్తబియ్యం
ఇంతకీ రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు కదా, నీళ్లలో వేస్తే తేలుతున్నాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

డైటు_డబ్బా
ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో పోసినవి. నూరు గింజలకు ఒకటి చొప్పున, అంటే కిలోకు పది గ్రాములు కలుపుతూ వచ్చారు. మామూలు గింజ కన్నా తేలిక గనుక కొన్ని తేలతాయి, కొంచెం పసుపుగానో మసకగానో ఉంటాయి. కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు ఉండాలని నియమం. మనిషి రోజుకు 200 గ్రాములు తింటే 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు అందుతుంది. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 29.
జరిగే పొరపాట్లు మూడు. పురుగనుకుని ఏరి పారేయడం. నాలుగైదుసార్లు పిసికి కడగడం. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చి పారబోయడం. ఒకటి రెండుసార్లు మెల్లగా కడిగి, ఇగిరిపోయేలా వండితే చాలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము కూడా సరిగా ఒంటికి పట్టదు, గంట ఆగాలి.
ఏజెన్సీలో సికిల్‌సెల్, తలసీమియా లాంటి రక్తం జబ్బులు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి.

గోదారి_గట్టు
గంజి పారబోయకుండా కుండలో పోసి పులియబెట్టే తరవాణి అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇందుకే ఉండేదేమో. గ్యాసు పొయ్యి, కుక్కరు వచ్చాక వార్చడమే పోయింది లెండి. ఈ ఒక్క విషయంలో కుక్కరు పుణ్యం కట్టుకుంది.

కంచం_లెక్క
ఇప్పటిదాకా వచ్చినవి పెట్టుకుని నేనో లెక్క వేశా, తప్పుంటే దిద్దండి.
తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం. రోజుకు 200 గ్రాములు, దాదాపు 700 క్యాలరీలు, మాంసకృత్తులు 16 గ్రాములు.
2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సూచన ప్రకారం రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు. అంటే ధాన్యంలో ముప్పాతిక పైన రేషన్ నుంచే వచ్చేస్తోంది. పప్పు మాత్రం నలుగురున్న ఇంటికి నెలకు 10 కిలోల పైచిలుకు కావాలి. ఆంధ్రలో కార్డుకు ఒక కిలో కందిపప్పు, అదీ ఇచ్చిన నెలల్లో. మిగతా తొమ్మిది కిలోలు కొనేవాళ్లు ఎంతమంది?

నల్లరేగడి
లెక్క బరాబర్. అందుకే పప్పుచారు రోజురోజుకు పల్చగైతుంది, అన్నం కుప్ప పెరుగుతుంది. ఆ కుప్పకు ఇప్పుడు తోడొచ్చినయి పామాయిల్, పొద్దున చాయల బిస్కెట్లు, పిల్లలకు ఐదు రూపాయల ప్యాకెట్లు.

గునుగుపూలు
చొప్ప సంగతి ఎవ్వరూ అంటలేరు. జొన్న పోతే చొప్ప పోయింది, చొప్ప పోతే బర్రె పోయింది. ఇంట్ల చల్ల లేక అంబలి ఆగింది. ఉన్న పాలు పాలకేంద్రానికి పోతున్నయి.

కొత్తబియ్యం
సరే, ఇప్పుడు తిరిగి తినాలంటే ఎలా? పోయిన నెల కొర్రలు తెస్తే ఇంట్లో ఎవరికీ సహించలేదు, గొంతుకు అడ్డుపడుతోందన్నారు. జొన్నరొట్టె చేస్తే అంచులన్నీ పగిలాయి. కిలో కొర్రలకు సన్నబియ్యం రెండు కిలోల డబ్బులు పెట్టా.

చిటపట
సాఫ్ట్‌వేర్ కొర్రలు కొన్నారు. జీతం లెక్కన ధర.

పిండిమర
కొర్ర గురించి నేను చెప్తా. పొట్టు తీసే దగ్గరే ఖర్చంతా. వంద కిలోల కొర్రలు వేస్తే బియ్యం అరవై, అరవై అయిదు కిలోలు వస్తుంది, మిగతాది పొట్టు, నూక. గింజ పరిమాణం సమంగా లేకపోతే నూక ఇంకా పెరుగుతుంది, అందుకే ముందు జల్లెడ పట్టాలి. తేమ ఎక్కువుంటే పొట్టు ఊడదు, మరీ ఎండితే గింజ విరుగుతుంది. అరికెకు పొట్టు పొర మీద పొర, అన్నిటికన్నా మొండిది. ఇంకో జాగ్రత్త: కోసి కుప్ప పెట్టిన అరికె వానకు తడిసి బూజు పడితే ఆ గింజ మత్తు, వాంతులు తెప్పిస్తుంది. కడిగినా వండినా పోదు, తీసుకోకండి.
ప్యాకెట్లో కొర్రలు తళతళా మెరుస్తుంటే తవుడు కూడా పోయినట్టే. అప్పుడు దానికీ తెల్లబియ్యానికీ పెద్ద తేడా లేదు. పాలిష్ పట్టనిది మసకగా ఉంటుంది, రెండు మూడు నెలలు దాటితే ముక్కిన వాసన వస్తుంది. కాబట్టి పొట్టుతోనే నిల్వ పెట్టి, నెలకు సరిపడా ఆడించుకోవడం మేలు.

డైటు_డబ్బా
గొంతుకు అడ్డుపడేది నానబెట్టక. కొర్రబియ్యం కనీసం అరగంట నానాలి, గంటయితే ఇంకా మంచిది. గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, సన్నటి సెగ, దించాక పది నిమిషాలు మూత తీయకూడదు. చల్లారితే గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది, అందుకే వేడిగా ఉన్నప్పుడే పప్పుతోనో చారుతోనో తినాలి. మొదటి వారం అన్నంలో నాలుగో వంతు కొర్ర, తర్వాత సగం. ఒకేసారి పూర్తిగా మారిస్తే కడుపుబ్బరం, మలబద్ధకం. నీళ్లు పెంచకుండా పీచు పెంచితే అంతే.

గునుగుపూలు
రొట్టె నేను చెప్త. పగిలేది రెండు కారణాలకు. ఒకటి, పిండి పాతది. పదిహేను రోజులు దాటినంక జిగి పోతది. రెండు, చల్లనీళ్లతో కలుపుడు. జొన్నల గోధుమ లెక్క సాగే గుణం లేదు, కాగిన నీళ్లు పోస్తేనే పిండి కొంచెం ఉడికి జిగట వస్తది. గిన్నెడు పిండికి ముప్పావు గిన్నె మరిగిన నీళ్లు. గరిటెతోని కలిపి రెండు నిమిషాలు మూత పెట్టి, చెయ్యి ఓర్చుకునేంత వేడి మీద అరచేతి మడమతో గట్టిగ పిసకాలె. పిండి మొత్తం ఒక్కసారి కలిపి పెట్టొద్దు, రెండు రొట్టెలకు సరిపడా కలుపుకోవాలె. తట్టేటప్పుడు అంచు పగిలితే వేలు తడి చేసి అక్కడనే ఒత్తాలె. పెనం మీద వేసినంక పైన తడిబట్టతో తుడిచి, ఆ తడి ఆరంగనే తిప్పాలె. ఆలస్యమైతే అట్టలెక్క అయితది.

కొత్తబియ్యం
సంగటి కూడా చెప్పేయండి. మాది ఎప్పుడూ ఉండలు కడుతుంది.

సంగటి_తెడ్డు
ఉండ కట్టేది తొందరపడి కెలికితేనే. గ్లాసు బియ్యం నూక నానేసి నాలుగు గ్లాసుల నీల్లలో మెత్తగా ఉడకనీ, ఇంకా నీల్లు తేలాడతా ఉండల్ల. గ్లాసు రాగిపిండి నడిమధ్యన కుప్పగా పొయ్యి. కలపొద్దు! తెడ్డు కాడతో కుప్పకు నడుమ ఒక బొక్క చెయ్యి, ఆవిరి పైకి వస్తాది. మూతేసి సన్న సెగన పది నిమిషాలు. పైన తెల్లపిండి రంగు మారినాక దించి, గిన్నెను కాల్లతో అదిమి పట్టుకొని ఒక పక్క నుంచి తెడ్డుతో నూరినట్టు కెలకల్ల. చెయ్యి తడి చేసుకొని ముద్ద కట్టు. పక్కన ఊరిబిండో, గోంగూర పుల్లగూరో.
ఒక్క మాట. ముందు కాలం నూక కొర్రదో జొన్నదో, పిండే ఎక్కువ. ఇప్పుడు హోటల్లో సంగటి అంటే రంగేసిన బియ్యం ముద్ద.

కంచం_లెక్క
పైన ఇచ్చిన కాల్షియం అంకెలతో సంగటిని చూస్తే, బియ్యం, రాగిపిండి సగం సగం అయితే వంద గ్రాముల సరుకులో దాదాపు 186 మిల్లీగ్రాములు. రెండు వంతుల బియ్యం, ఒక వంతు పిండి అయితే 126. రంగు మాత్రం ఒకటే.

గోదారి_గట్టు
షుగరున్న మా పెద్దాయన అన్నం మానేసి రోజూ ఉదయం, రాత్రి రాగిజావే తాగుతున్నారు. అయినా షుగరు దిగలేదు. రాగి మంచిది కాదా?

డైటు_డబ్బా
రాగి మంచిదే, జావ తేడా. మెత్తగా విసిరిన పిండిని పల్చగా ఉడికిస్తే నమలకుండానే లోపలికి పోయి తొందరగా అరుగుతుంది, షుగరు అంతే తొందరగా ఎక్కుతుంది. బెల్లం వేస్తున్నారేమో అది కూడా చూడండి. జావ బదులు ముద్ద, అదీ పప్పు, కూరతో, కొలిచి పెట్టండి. మందుల సంగతి డాక్టర్ దగ్గరే. బడిపిల్లల సంగతి వేరు, 2023 నుంచి బళ్లలో ఇస్తున్న రాగిజావ వాళ్లకు పనికొస్తుంది.

నల్లరేగడి
2023ల చిరుధాన్యాల సంవత్సరం అని ఢిల్లీ నుంచి గల్లీ దాక బ్యానర్లు కట్టిన్రు. సీమల రేషన్ షాపులల్ల బియ్యం బదులు రాగులిచ్చుడు మంచి పని. కానీ ఇచ్చేటప్పుడు పక్కన కిలో కంది, అర కిలో పల్లి పెడితేనే లెక్క కుదురుతది. లేకుంటే గింజ మీద గింజ.

కొత్తబియ్యం
చివరిది. మా ఊళ్లో ఒకటే మర, అందులోనే కారం, పసుపు ఆడిస్తారు. జొన్నపిండి ఘాటు వస్తోంది.

పిండిమర
పొద్దున మర తెరవగానే మొదటి వాయి నీదే పెట్టించుకో. రాత్రి కారం ఆడించి ఉంటే ముందు ఒక కిలో నూకలు వేసి తిప్పమను, ఆ పిండి గొడ్డుకు పెట్టు. జొన్నలు కడిగితే బాగా ఎండాకే తీసుకురా, తడి ఉంటే రాయికి పట్టుకుని పిండి వేడెక్కి జిగి చస్తుంది. రెండు కిలోలకు మించి ఆడించకు. ఆడించిన పిండి వేడిగా డబ్బాలో పోసి మూత పెట్టకు, పేపరు మీద ఆరబోసి చల్లారాక పెట్టు.

చిటపట
ఆ కారం జొన్నపిండి పారేయకు కొత్తబియ్యం, మసాలా రొట్టె అని పేరు పెట్టి అమ్ము. సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారుగా.